ఒళ్లో పాప ఫోటో

"దాన్ని ఆడనే పెట్టుమే," అంది దేవమ్మ.

ఆమె చేతిలో చేట, చేటలో కొర్రలు. గడప అవతలే నిలబడిపోయింది. లోపల పెట్టె తెరిచి ఉంది. పెట్టె అడుగున పాత చీరగుడ్డలో చుట్టి దాచిన ఫోటో కూతురు సలోమి చేతిలో ఉంది. గుడ్డ ఇంకా విప్పలేదు.

"ఇది నాకు కావల్లమా. యూనివర్సిటీలో మా సారుకు చూపియ్యల్ల."

"సచ్చిపోయిన బిడ్డ ఫోటో మీ సారుకెందుకు? నువ్వు చదివేది అమెరికా సంగతులంటివే."

"అమెరికా సంగతులే. యాడాడినుంచో వచ్చినోళ్లంతా మేము అమెరికావోళ్లం అని ఎట్ల అనుకున్యారు, ఎట్ల బతికినారు, ఎట్ల ఏడ్చినారు, అన్నీ చదువుతాండాం. చరిత్ర చెప్పేది ఒక సారు, కథలు చెప్పేది ఒక మేడమ్, పాత ఫోటోలు చూపిచ్చేది ఇంగో సారు. ముగ్గురూ కలిసి ఒగటే పాఠం చెప్తారు."

"ముగ్గురు కలిసినా ఒకరికీ బుద్ధి లేకపాయె."

సలోమి నవ్వింది. దేవమ్మకు నవ్వు రాలేదు. ఆ ఫోటో గడప దాటితే కీడు మళ్లీ ఇంటి దోవ పడుతుందని ఆమె భయం. పెద్ద కూతురు ప్రేమకుమారి యాభై ఆరులో, రెండేళ్ల వయసులో జ్వరంతో పోయింది. బతికుండగా ఒక్క ఫోటో అయినా తీయించలేదే అని ఇంట్లోవాళ్లు నంద్యాల నుంచి ఫోటో ఆయన్ను పిలిపించి, బిడ్డను తల్లి ఒళ్లో కూర్చోబెట్టి తీయించారు. ఆ కాలంలో ఆళ్లగడ్డలో చాలా ఇళ్లల్లో అట్లాగే చేసేవాళ్లు. ఫోటో చేతికొచ్చిన రోజే అత్త దాన్ని పెట్టె అడుగుకు తోసేసింది. ఇరవై రెండేళ్లయినా దేవమ్మ దాని మొహం చూడలేదు. మరుసటేడు పుట్టిన సలోమి తుమ్మినా దగ్గినా ఆమెకు ఆ జ్వరమే గుర్తొచ్చేది.

"అమెరికాలోనూ నూరేండ్ల కింద ఇట్లనే తీస్తాండ్రిమా. పోయిన బిడ్డలకు తల దువ్వి, మంచి గౌను తొడిగి, కుర్చీలో కూసోబెట్టి. మా ఊర్లోనూ తీసినారంటే మా సారు నమ్మలేదు. ఇది చూపిస్తేనే నా వ్యాసానికి మార్కులు."

"మార్కులు పోతే పోనీ. నాకు మిగిలింది నువ్వొక్కదానివే. దాన్ని సంచిలో ఏసుకోని బస్సెక్కుతావా? దోవలో బస్సుకేమన్నా అయితే?"

"బస్సుకేమైతాదిమా. ఫోటో అది, దయ్యం గాదు."

సలోమి గుడ్డ విప్పి కిటికీ దగ్గర కూర్చుంది. సంచిలోంచి భూతద్దం తీసింది. దేవమ్మ తల వాకిలి వైపు తిప్పుకుంది.

"ఆ కాలం ఫోటోల్లో పోయినోళ్లెవరో ఎట్ల కనుక్కుంటారో చెప్పేదా? కెమెరా మూత తీసి, అయిదు లెక్కబెట్టి మళ్లీ మూసేవాళ్లు. అందాక కదలగూడదు. బతికుండేవాళ్లు రోంత కదిలినా ఆడ పొగ మాదిరి చెదురుతాది. పోయినోళ్లు కదలరు గదా, వాళ్లే అందరికంటే తేటగా పడతారు."

"మాకూ అట్లనే లెక్కబెట్టినాడు," అంది దేవమ్మ, తనకు తెలియకుండానే. "ఊపిరి గూడ బిగబట్టమన్యాడు. మీ నాయన, మీ అవ్వ, నేను రాళ్ల మాదిరి ఉన్యాం. ఆయన కెమెరా సర్దుకుంటాండంగనే బిడ్డను తీస్కపోయిరి. పొద్దుగూకేలోపల పూడ్చల్లని తొందర."

సలోమి చేతిలోని భూతద్దం ఫోటో మీద ఒకచోట ఆగిపోయింది. ముందుకు జరిపింది, మళ్లీ అక్కడికే తెచ్చింది.

"ఏందిమే?"

"ఏంలే."

ఫోటోను బోర్లించి గబగబా గుడ్డ చుట్టింది. "వద్దులేమా. నేను తీస్కపోను. ఆడనే పెట్టేస్తా."

కోరుకున్నదే జరిగినా దేవమ్మకు భయం పోలేదు. ఇంతసేపు పట్టుబట్టిన పిల్ల ఉన్నట్టుండి ఎందుకు వెనక్కి తగ్గింది? చేట కింద పెట్టి దగ్గరకొచ్చి నుదుటి మీద చెయ్యేసి చూసింది. చల్లగా చెమట పట్టి ఉంది.

"ఏమన్నా అయితాందా నీకు? ఏం కనపడింది దాంట్లో?"

"ఏం కనపళ్లేదు. నువ్వు చూడద్దు."

"ఇంతసేపు నేను వద్దంటి. ఇప్పుడు నువ్వు వద్దంటాండావ్."

"నీకు దండం పెడతామా. చూడద్దు."

సలోమి మూటను రొమ్ముకు అదిమి పట్టుకుంది. దేవమ్మ కూతురి వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది. బిడ్డను అంతగా బెదరగొట్టింది ఏదైనా సరే, వచ్చేది ముందు తన మీదికే రావాలి. గుడ్డ విప్పి, భూతద్దం పట్టుకుని, ఇరవై రెండేళ్ల తర్వాత ఆ ఫోటోలోకి వంగింది.

భర్త మీసం వెంట్రుకలతో సహా కనిపిస్తున్నాడు. అత్త నుదుటి ముడతలు లెక్కపెట్టొచ్చు. తన చీర అంచు మీద పోగులు కూడా తేటగా ఉన్నాయి.

ఒళ్లో ఉన్న ప్రేమకుమారి కుడిచెయ్యి మాత్రం, తన కొంగు వైపు, పొగలా చెదిరి ఉంది.