పూల పేర్ల గ్రూపు

పిల్లమ్మ మల్బరీ కొమ్మల నుంచి ఆకు దూసి గంపలో వేస్తోంది. ఎదురుగా కోడలు చంద్రిక, కాళ్ళ మీద గోనెపట్టా కప్పుకుని, ఒడి నిండా ఆకు పోసుకుని, అదే పని చేస్తోంది.

పట్టుపురుగులు చివరి మేతకు వచ్చాయి. ఇంకో నాలుగు రోజులు కడుపునిండా పెడితే గూడు కడతాయి. ఒక్క పూట తప్పినా పంటంతా పోతుంది.

"పదకొండు గంటల బస్సుకు కోలారుకు పోయొస్తా అత్తా," అంది చంద్రిక.

"మళ్ళీ అదే పాట. మొన్న అడిగితివి, నిన్న అడిగితివి. పురుగు గూడు కట్టనీమ్మా. కోలారు యాడికీ పారిపోదు."

"నీ కొడుకు నిన్నే అడగమన్నాడు."

"వానికేం! తెల్లారక ముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పోతాడు. ఈడ ఆకు ఎవురు దూస్తారు, రైలు డ్రైవరా?"

చంద్రిక గంప ఎత్తుకుని పురుగుల గదిలోకి వెళ్ళింది.

కాసేపటికి పిల్లమ్మ ఫోను మోగింది. గ్రూపులో మెసేజి.

పిల్లమ్మ పద్నాలుగేళ్ళుగా ఆశా కార్యకర్త. జిల్లాలోని ఆశాలూ నర్సులూ కలిసి పెట్టుకున్న గ్రూపు అది. ఒకరు అనుమానం అడుగుతారు, తెలిసినవాళ్ళు జవాబు చెబుతారు. ఊరి పేరు, రోగి పేరు రాయకూడదు. గొంతు రికార్డు చేసి పంపకూడదు. సొంత పేర్లూ నంబర్లూ కనిపించవు. అందరికీ పూల పేర్లే. పిల్లమ్మ ఫోనులో గ్రూపు లింకు నొక్కి, అవన్నీ సర్ది, 'బంతి' అని పేరు పెట్టిచ్చింది చంద్రికే.

ఇప్పుడు రాసింది 'సంపంగి'. కొత్త పేరు.

"ఎనిమిదో నెల. తొలి కానుపు. కాళ్ళు, మొగం వాచినాయి. రెండు దినాల నుంచి తలనొప్పి. బీపీ 170, 110. ఏం చేసేది?"

పిల్లమ్మ చేతిలోని కొమ్మ జారిపోయింది.

పోయిన ఏడాది ఇవే అంకెలు. పక్క ఊరి పిల్ల. అత్తగారింటి వాళ్ళు రేపు, ఎల్లుండి అంటూ జరిపారు. చివరికి అంబులెన్సులో పిల్లమ్మ ఒళ్ళోనే ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రి గేటు చేరేసరికి ఇద్దరూ లేరు. ఆ తరువాత నెల రోజులు పిల్లమ్మకు అన్నం సయించలేదు. 'బంతక్కా, తప్పు నీది కాదు' అని ఆ గ్రూపులోని పూలే రోజూ రాస్తూ ఆమెను మనిషిని చేశాయి.

ఆకు పసరు చీర కొంగుకు తుడుచుకుని, ఒక్క వేలితో జవాబు కొట్టింది. "ఇప్పుడే పెద్దాసుపత్రికి. ఆగొద్దు. ఫిట్స్ వస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు."

'మల్లె' అనే నర్సు కూడా రాసింది. "అవును. గంట కూడా ఆగొద్దు."

సంపంగి నుంచి జవాబు లేదు.

చంద్రిక వచ్చి కూర్చుంది. ఆకుతో పాటు పుల్లలూ గంపలో వేస్తోంది.

"కండ్లు కనపడవా? కట్టెపుల్లలు కూడా ఏస్తా ఉండావు. నువ్వు మేత పెట్టే లోపల పురుగులు ఉపాసం పట్టేటట్లుండాయి!"

చంద్రిక కళ్ళు నులుముకుంది. సగం నిండిన గంపతోనే మళ్ళీ లోపలికి వెళ్ళింది.

ఫోను మోగింది.

"ఇంట్లో పెద్దామె పంపేదిలేదు అంటాది. పనికాలం అంట."

పిల్లమ్మకు ఒళ్ళు మండింది. "పనికాలం చూసుకోని వస్తాయా ఫిట్సు? ఆమె మనిషేనా? ఏ ఊరో చెప్పు, నేనే వస్తా."

"ఊరి పేరు రాయకూడదు గదా బంతక్కా."

పిల్లమ్మ లేచింది. మళ్ళీ కూర్చుంది. గోడకు వేలాడుతున్న తన సంచి వైపు చూసింది. బీపీ మిషను ఉండే ఆ సంచి జిప్పు తెరిచి ఉంది. ఎవరు తీశారో. ఈ వారమే ఆ మిషనుతో ఇల్లిల్లూ తిరిగి పదకొండు మంది గర్భిణులకు చూసింది. అందరూ బాగున్నారు. పేరు తెలియని ఊళ్ళో ఈ ఒక్క పిల్ల చచ్చిపోబోతోంది. తానేమో ఇక్కడ ఆకు దూస్తోంది.

"చంద్రికా! లోపల నిద్ర పోతా ఉండావా?" అని అరిచింది, కళ్ళు ఫోను మీదే ఉంచి.

అక్షరాలు తప్పుతున్నాయి. చెరిపి మళ్ళీ కొట్టింది.

"సంపంగీ, నీ కాళ్ళు పట్టుకుంటా. ఆ పిల్ల ఇంగ ఎవుర్నీ అడగొద్దు. 108 పిలిచి రోడ్డు కాడ ఆగమను. నెలనెలా చెకప్పు రాసే తాయి కార్డు మరిచిపోవద్దు, ఆసుపత్రిలో ముందు అదే అడుగుతారు. అది పట్టుకోని నడిచి పొమ్మను. ఆ ముసల్దానితో ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. మాట్లాడితే నిలిపేస్తాది."

"పెద్దామె వాకిట్లోనే ఉండాది అక్కా. తిడతాది."

"తిట్టనీ. బతికుంటే గదా తిట్లు తినేది!"

చాలాసేపు ఏమీ రాలేదు. పిల్లమ్మ ఆకు ముట్టలేదు. కొమ్మలు అట్లాగే పడి ఉన్నాయి. "ఉండావా?" అని కొట్టింది. "సంపంగీ, ఉండావా?" అని మళ్ళీ కొట్టింది.

చివరికి ఫోను మోగింది.

"108 వచ్చింది. బయలుదేరతా ఉండాది."

పిల్లమ్మ ఫోనును నుదుటికి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. "దేవుడా, ఎవురి బిడ్డో ఏమో, గడప దాటనీ," అని గొణుక్కుంది.

పురుగుల గది తలుపు చప్పుడుకు ఆమె కళ్ళు తెరిచేసరికి, చంద్రిక ఎనిమిది నెలల కడుపు మీద తాయి కార్డును అదిమి పట్టుకుని, వాచిన పాదాలు పట్టని చెప్పులను గడప దగ్గరే వదిలేసి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఆమె ముందునుంచే ఇల్లు దాటి వెళ్ళిపోతోంది.