ఎండకు నిలిచిన కొర్రమట్ట

సుమన ఉద్యోగం కొర్రమట్ట చేపల చేతిలో ఉంది.

పీహెచ్‌డీ అయ్యాక ఈ పాలమూరు పిల్ల హైదరాబాద్‌లో ఒక పరిశోధనా సంస్థలో పోస్ట్‌డాక్‌గా చేరింది. ఎండలు ముదిరేకొద్దీ చెరువుల్లో చేపల జన్యువులు ఎలా మారుతున్నాయో కనిపెట్టాలి. కనిపెట్టకపోతే ఇంటికి పోవాలి. ఆ సంగతి ప్రొఫెసర్ గారు ప్రతి సోమవారం ఏసీ గదిలో కూర్చుని గుర్తుచేస్తూనే ఉన్నారు. వాతావరణ మార్పు గురించి ఆయనకున్న అనుభవం ఆ గది దాటలేదు.

నల్లగొండ జిల్లా కేతేపల్లి దగ్గర ఒక ఊరి చెరువును ఎంచుకుంది. వానాకాలంలో ఆ ఊళ్లో చేపలు పట్టే బాలస్వామి వల వేస్తే, తనే గట్టున నిలబడి చేపలు ఏరుకుంది. అసలు పరీక్ష ఎండాకాలంలో. చెరువు ఎండినా బతికి మిగిలిన చేపల్లో ఏ జన్యువు ఉందో అదే తేలాలి.

మే నెలలో వచ్చి చూస్తే చెరువు నెర్రెలిచ్చింది. నడుమ ఒక గుంటలో కాసిన్ని బురదనీళ్లు మిగిలాయి. సుమన గట్టు మీదే కూలబడింది.

"గీ గుంటల చేపలుంటయా, పెద్దనాయినా?"

బాలస్వామి గుంటను చూశాడు. ఆమె మొహం చూశాడు.

"లేకుంటే ఏమైతది మేడం?"

"నౌకరి పోతది."

బాలస్వామి తలగుడ్డ విప్పి దులుపుకున్నాడు. "కొర్రమట్ట బురదల దాగుంటది. ఫికర్ జెయ్యకు. రేపు పొద్దుగాల నేనే తెచ్చిస్త. మా ఇంటికాడ ఉండు."

ఆ రోజు అతని భార్య సోమమ్మ సుమనను కదలనివ్వలేదు. "మొఖం ఎట్ల కమిలిందో సూడు బిడ్డా. ఎండల తిరగకు. తిని పండు" అంది.

మరునాడు తడి గోనెసంచిలో కొర్రమట్టలు వచ్చాయి. పాడవకుండా బాలస్వామి ఐసు కూడా వేసి తెచ్చాడు. ఆ శ్రద్ధ చూసి సుమనకు కళ్లు చెమర్చాయి. చేపలన్నీ ఇంచుమించు ఒకే సైజు. బలమైనవే మిగిలాయని మురిసిపోతూ ఫొటోలు తీసుకుంది.

ఫలితాలు చూసి ప్రొఫెసర్ గారు కుర్చీలోంచి లేచారు. ఆయన అలా లేవడం ఆ సంస్థలో ఎవరూ చూసి ఎరగరు. వానాకాలం చేపల జన్యువులకూ ఎండాకాలం చేపల జన్యువులకూ పొంతనే లేదు. ఒక్క ఎండాకాలంలో ప్రకృతి ఇంత పని చేసిందని ఆయన ఢిల్లీలో ఉపన్యాసమిచ్చి శాలువా కప్పించుకున్నారు. నల్లగొండ కొర్రమట్టను చూసి ప్రపంచం నేర్చుకోవాలని ఒక పత్రిక సంపాదకీయం రాసింది. పరిశోధన వ్యాసంలో మొదటి పేరు ఆయనదే. సుమనకు మాత్రం ఇంకో ఏడాది ఉద్యోగం దక్కింది.

మళ్లీ మే వచ్చింది. సుమన స్వీట్ల డబ్బాతో దిగింది. వ్యాసం చివర బాలస్వామికి కృతజ్ఞతలు అచ్చయ్యాయని చూపించింది.

"ఈ ఎండకాలం గూడ గసొంటి చేపలే దొరికితే నా నౌకరి పక్కా అయితది, పెద్దనాయినా."

"దొరుకుతయి తియ్యి" అన్నాడు బాలస్వామి. సోమమ్మ ఆమెను అన్నానికి లోపలికి తీసుకుపోయింది. అతను వాకిట్లోకి వచ్చి ఫోన్ కలిపాడు.

"భిక్షం తమ్మీ, మా మేడం నౌకరి నిలబడాలె, పోయిన ఎండకాలం నకిరేకల్ మార్కెట్ల ఇచ్చినవు సూడు, ఆంధ్ర లారీల దిగిన కొర్రమట్టలు, మల్ల గవే జర పక్కకు పెట్టు."