తిప్పేష్ అరుపు

"తిప్పేషన్న వాళ్ల నాయన మీరేనా?" గిటారు తగిలించుకున్న పిల్ల గొర్రెల మధ్యకొచ్చి అడిగింది. పేరు సారా. అనంతపురంలో రాక్ బ్యాండు నడుపుతోందట.

"నేనే," అన్నాడు తిప్పయ్య. "వాడు బైకు మీంచి పడి చనిపోయి మూడేండ్లాయ. ఇరవై మూడేండ్లు బతికినాడు. ఏం పాటలమ్మా వాడు పాడినవి? ఉత్త అరుపులు."

"ఆ అరుపు విని మొదలైన బ్యాండ్లు మా ఊర్లోనే ఆరుండాయి. మీరొకసారి వినండి."

సారా గొంతెత్తి తిప్పేష్ పాటలోని అరుపు అరిచింది. మేస్తున్న గొర్రెలన్నీ తలలెత్తి ఆమె వైపు నడిచొచ్చాయి.

సాయంత్రం మందను మళ్లించడానికి తిప్పయ్య వేసే కేకే అది.

"గొంతుతో కాదు," అన్నాడాయన. "కడుపులోంచి రావల్ల. మళ్లా అను."