మళ్ళీ పెద్దమ్మ

"మళ్ళీ చెప్పు నాయనా. దీన్ని ఆన్ చేసేదెలా?"

వెనక బెంచీలోంచి అదే గొంతు. పొద్దుటినుంచి ఇదెన్నోసారో!

"ఇప్పుడే కదా పెద్దమ్మా చెప్పాను!" అన్నాడు శిక్షణ ఇస్తున్న ట్రైనర్.

"చెప్పావులే. ఇదివరకు టాబ్లెట్లంటే మింగి నీళ్ళు తాగితే పనైపోయేది. ఇవేమో మింగుడుపడట్లేదు."

టీచర్లంతా గొల్లుమన్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆఫీసరమ్మ మాత్రం నవ్వలేదు.

జిల్లాలోని బడులన్నిటిలో ట్యాబ్‌లతో పాఠాలు నడిపించే భారం ఆమెది. వెనకటికి వచ్చిన కంప్యూటర్లు గుడ్డలు కప్పుకుని పెళ్ళికూతుళ్ళలా కూర్చుని, కూర్చున్నచోటే ముసలివైపోయాయి. ఈసారి అలా కానివ్వనని పైవాళ్ళకు మాటిచ్చింది. ఏడాది తిరిగేలోగా అన్ని బడుల్లోనూ వాడకంలోకి రాకపోతే ట్యాబ్‌లన్నీ పక్క జిల్లాకు తరలిపోతాయి.

ఆమె దుకాణదారు కూతురు. ఒక్కరి కోసం అందరి పొద్దూ పాడుచేయడం ఆమె లెక్కలో శుద్ధ నష్టం. పైగా ఏ బడివాళ్ళకు శిక్షణ పెట్టినా ఈవిడ ప్రత్యక్షం. టీచర్లు పేరు కూడా పెట్టేశారు, మళ్ళీ పెద్దమ్మ అని.

టీ వేళకు ఆవిడను పక్కకు పిలిచింది.

"ఏ బడి మీది?"

"అన్నీ మనవే కదమ్మా."

"అది కాదండీ, ఏ బడిలో పనిచేస్తున్నారు?"

"రిటైరయ్యాను."

"మరి ఇవన్నీ మీకెందుకు?"

"ఊరికే కూర్చోలేక."

"మీ వల్ల మిగతావాళ్ళు వెనకబడుతున్నారు. రేపట్నించి శ్రమ పడకండి."

పెద్దమ్మ సంచీ భుజానికి తగిలించుకుంది.

"అలాగేనమ్మా. కానీ తలలూపుతున్నారు కదా అని సంబరపడకు. గాలికి కొమ్మలూ ఊగుతాయి."

మర్నాటి నుంచి శిక్షణ గుర్రమెక్కింది.

"అర్థమైందా?"

"అర్థమైంది!"

"సందేహాలున్నాయా?"

"లేవు!"

భోజనాల వేళకే హాలు ఖాళీ. ఆఫీసరమ్మ తృప్తిగా ఊపిరి పీల్చుకుంది.

కొన్ని నెలలు గడిచాయి. ఆఫీసు కంప్యూటరులో జిల్లా పటం ఉంది. ట్యాబ్‌లు వాడే బడికి పచ్చ చుక్క, వాడని బడికి ఎర్ర చుక్క. పటం సగం పచ్చగా ఉంది. మిగతా సగం మీద తట్టు పోసినట్టుంది.

ఆమె ఒక ఎర్ర చుక్క బడికి బయల్దేరింది. బీరువా తాళం తీయించింది. ట్యాబ్‌ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా ఊడలేదు.

"ఎందుకు వాడట్లేదు?"

"పాడైపోతాయేమోనని..." హెడ్మాస్టరు నసిగాడు.

"నిజం చెప్పండి మాస్టారూ. తిట్టడానికి రాలేదు నేను."

పక్కనున్న టీచరు నేలచూపులు చూస్తూ అంది. "ఆన్ చేయడం వరకూ వచ్చు మేడమ్. ఆ తర్వాత ఏం నొక్కాలో బుర్రకెక్కలేదు."

"ఆ రోజే అడగొచ్చుగా?"

"అందరి ముందూ ఎలా అడుగుతాం? పరువు పోదూ! ముందు బ్యాచ్‌లవాళ్ళు అదృష్టవంతులు. వాళ్ళు అడగలేనివన్నీ మళ్ళీ పెద్దమ్మే అడిగిపెట్టిందట."

తండ్రి మాట చురుక్కున గుర్తొచ్చింది ఆఫీసరమ్మకు. 'బేరమాడేవాడే కొంటాడమ్మా. భేష్ అన్నవాడు ఉత్తచేతులతో పోతాడు.'

లెక్క సరిచూసింది. పచ్చ చుక్కలన్నీ పెద్దమ్మ కూర్చున్న రోజుల్లో శిక్షణ అయిన బడులవే.

ఆవిడ ఫోను నంబరు పట్టుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కూతురు ఎత్తింది.

"అమ్మకి పోయిన నెల మాట పడిపోయిందండీ. వినగలదు. ఫోను చెవి దగ్గర పెడతాను, చెప్పండి."

ఆఫీసరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"పెద్దమ్మా, మీరన్నట్టే ఊగిన ఆ తలలు కొమ్మలేనమ్మా. మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెడుతున్నాను. వదిలిపెట్టను."

అవతల ఊపిరి మాత్రం వినిపించింది.

ఎర్ర చుక్కల బడులన్నిటికీ మళ్ళీ శిక్షణ. ఈసారి ఆఫీసరమ్మ గుమ్మం దగ్గర నిలబడలేదు. వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది.

"మళ్ళీ చెప్పు నాయనా. ఆన్ అయింది సరే, పాఠం దగ్గరికి వెళ్ళేదెలా?"

ట్రైనర్ తెల్లబోయాడు. "మీకు తెలీదా మేడమ్?"

"తెలీదు."

అబద్ధం కాదు. ట్యాబ్‌లు తెప్పించింది, బడులకు పంపించింది, చుక్కలు లెక్కపెట్టింది. ఒక్క పాఠం తెరిచి వినలేదు.

ముందు వరసలో ఒకామె వెనక్కి తిరిగింది. "నాక్కూడా తెలీదు మేడమ్."

"నాకూ..."

"నాకూ అంతే!"

ట్రైనర్ మళ్ళీ మొదలుపెట్టాడు. పాఠం తెర మీదికి వచ్చింది.

"మాట వినబడదేం?" అంది ఆఫీసరమ్మ.

"హాల్లో అన్నీ ఒక్కసారే మాట్లాడితే చెవులు పోతాయి మేడమ్. అందుకే శిక్షణలో ఎప్పుడూ శబ్దం తీసేస్తాం."

"నాదొక్కటీ పెట్టు."

అతను నొక్కాడు.

"అర్థం కాలేదా పిల్లలూ? పర్లేదు, మళ్ళీ చెప్తాను" అంది ట్యాబ్.

జిల్లాలోని ప్రతి ట్యాబ్‌లో ప్రతి పాఠమూ చెబుతున్న ఆ గొంతు, 'దీన్ని ఆన్ చేసేదెలా' అని ఇదే బెంచీలోంచి అడిగిన గొంతే.