అర్థం కానివి

వైరస్ మాత్రం కాదు, తక్కిన చెత్తంతా వదిలేసి తన పుస్తకాన్నే ఏరుకుని తినడానికి వైరస్‌కి అంత తెలివెక్కడిది, దానికి అసూయ ఉండాలి, అసూయ మనుషులకే ఉంటుంది, అందులోనూ పక్క గదిలో కూర్చుని తలుపు సందులోంచి ఇటే చూస్తుండే ఆ బట్టతల లెక్చరరుకి... మనస్తత్వశాస్త్రం ప్రొఫెసరు ఆలోచన అక్కడిదాకా వచ్చేసరికి కంప్యూటర్ మెకానిక్ తల తిప్పాడు.

"ఏమేం పోయాయి సార్?"

"పుస్తకం. పన్నెండు అధ్యాయాలు. మూడేళ్ల పని. సాయంత్రం ఐదింటికల్లా ప్రచురణకర్తకి పంపాలి. ఇంకో కాపీ కూడా లేదు."

"దేని మీద సార్ పుస్తకం?"

"వినడం మీద. ఎదుటివాళ్లు చెప్పేది మనసు పెట్టి ఎలా వినాలో. నీకెందుకులే, పని చూడు."

మెకానిక్ రెండే వేళ్లతో టైపు చేస్తున్నాడు. ప్రొఫెసరుకి ఒళ్లు మండింది. తన మూడేళ్లూ చివరికి ఈ రెండు వేళ్ల మీద ఆధారపడ్డాయా?

జేబులో ఫోను కుయ్యిమంది. అక్క. రోజూ ఉండేదే. కాలు లాగుతోంది, కూర మాడింది, ఫోను నిండిపోయింది. చదవకుండానే బొటనవేలు బొమ్మ నొక్కి, ఫోన్ని బల్ల మీద బోర్లా పడేశాడు. మనుషుల్లో సగంమందికి ఆ బొమ్మ చాలునని అతని నమ్మకం.

"ఏదైనా అర్జెంటేమో సార్?"

"మా అక్కయ్య బాబూ. వాగుడుకాయ. ఐదో అధ్యాయమంతా ఆవిడే. పేరు పెట్టలేదనుకో. వినే దిక్కులేక గోడలతో మాట్లాడే ఆడమనిషి." ప్రొఫెసరు తన వాక్యానికి తనే నవ్వుకున్నాడు.

మెకానిక్ నవ్వలేదు. "ఒక్కటి మిగిలింది సార్. ఐదోదే."

"చూశావా! దొంగవెధవకి కూడా దాని మీద చెయ్యి వెయ్యడానికి మనసొప్పలేదు."

"దొంగలెవరూ లేరు సార్. మీ అకౌంట్లోంచే తీశారు. మీ పాత ఫోన్లోంచి. అదెక్కడుంది?"

"పారెయ్యడమెందుకని అక్కకిచ్చాను."

"అకౌంటు తీసెయ్యకుండానే ఇచ్చారా?" మెకానిక్ గొంతులో ఇప్పుడు 'సార్' లేదు. "అయితే ఇద్దరికీ ఒకటే బీరువా. ఆవిడ అక్కడ తీసేస్తే ఇక్కడా పోతుంది. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసేశారు. ఇక రావు."

"దీనికేం పోయేకాలం! ఒక్క మాట అడగొద్దూ?"

తిట్టవలసిన తిట్లన్నీ నోట్లో పోగుచేసుకుని ఫోను వెల్లకిలా తిప్పాడు. అక్క మెసేజ్‌లు తెరుచుకున్నాయి. పైకి జరిపాడు. రెండు వారాల కిందటిది తనదే.

'ఫోను నిండితే నీకు అర్థం కానివన్నీ తీసెయ్యి. ఊరికే నా ప్రాణం తియ్యకు.'

కింద అక్క: 'ఒకటో అధ్యాయమని ఏదో ఉంది తమ్ముడూ. నాలుగుసార్లు చదివాను, ఒక్క ముక్క అర్థం కాలేదు. తీసెయ్యనా?'

బొటనవేలు.

'రెండోదీ అంతే. నీదేమోనని భయంగా ఉంది. తియ్యమంటావా?'

బొటనవేలు.

'మూడోది?'

బొటనవేలు. ఇంకా కిందికి జరుపుతూ పోయాడు. అక్క అడుగుతూనే ఉంది, వేలు లేస్తూనే ఉంది.

'చెత్తబుట్ట ఖాళీ చేస్తే మళ్లీ రావట. బాగా ఆలోచించి చెప్పు తమ్ముడూ.'

బొటనవేలు.

"ఏం సార్, ఆ మిగిలిందైనా పంపిస్తారా?" అన్నాడు మెకానిక్, సంచీ సర్దుకుంటూ.

ప్రొఫెసరు చిట్టచివరిది, ఇందాక కుయ్యిమన్నది, చదువుతున్నాడు.

'ఐదోది ఒక్కటే అర్థమైంది తమ్ముడూ. అందులో ఉన్నది నేనే కదా. అందుకే తియ్యలేదు.'

దాని కిందా బొటనవేలే ఉంది. ప్రొఫెసరు దాని మీద వేలు ఆనించి, ఆ బొమ్మని మెల్లగా తీసేశాడు.