నెమ్మదిగా చెప్పండి

ఆ రోజుల్లో ఇళ్లకు స్విచ్చులూ గడియలూ లేవు. ఏం కావాలన్నా నోటితో చెబితే ఇల్లే చేసిపెట్టేది. కోపంలో ఎవరూ తప్పుడు పని చేయించుకోకూడదని, అరిచి చెప్పిన మాట మాత్రం వినేది కాదు.

ఆ సాయంత్రం ఇంట్లో పాట మోగుతోంది. కూర మాడిందని సుధాకరం తన పెళ్లాం కృపావతిని అట్లకాడతో కొట్టాడు. నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారింది. ఆమె వీధి గుమ్మం దగ్గరికి పరుగెత్తి, "తలుపు తియ్యి!" అని కేకపెట్టింది.

"దయచేసి నెమ్మదిగా చెప్పండి," అంది ఇల్లు.

సుధాకరం ఆమె జుట్టు పట్టుకుని తలను గోడకేసి బాదాడు. "పాట కాస్త పెంచు," అన్నాడు నింపాదిగా. ఇల్లు పెంచింది. అతను కత్తి కోసం వంటింట్లోకి వెళ్లాడు.

కృపావతి నోట్లో రక్తం మింగింది. పసిపిల్లను జోకొడుతున్నట్టు గొంతు తెచ్చుకుని, "తలుపు తియ్యమ్మా," అంది. తలుపు తెరుచుకుంది. బయటికి దూకి, అదే గొంతుతో "వేసెయ్యమ్మా," అంది. వెనకే వచ్చిన సుధాకరం వేళ్లు తలుపులో నలిగాయి. అతను గావుకేకలు పెట్టాడు.

ఎదురింటి మరియమ్మ పరుగున వచ్చింది. "ఆ రక్తమేంటే? లోపల అరిచేదెవరు?"

"ఆయనే, పిన్నీ. అరిచినంతసేపూ తలుపు తెరుచుకోదులే. నువ్వు పోలీసులకి ఫోన్ చెయ్యి."