సభ్యుల ఇష్టం

"చర్చికెళ్ళేవాడివి, వెంకన్న గుడి దగ్గర నీకేం పని?"

శివప్రసాద్ అందరి ముందూ అడిగేశాడు.

ఎబెన్ లేచి నిలబడి ఉన్నాడు.

సిడ్నీ శివార్లలోని బ్లాక్‌టౌన్‌లో అద్దెకు తీసుకున్న హాలు. యూనివర్సిటీలో చదివే తెలుగు విద్యార్థుల సంఘం సభ. కొత్త ప్రెసిడెంట్‌గా గెలిచిన లిఖిత తన కమిటీని ఎంచుకుంది. ఇక ఒక్కొక్కరూ లేచి నిలబడాలి. సభ్యులు అడిగినవాటికి జవాబు చెప్పాలి. ఆపైన వాళ్ళు చేతులెత్తితేనే పదవి ఖాయం.

ఇదంతా అమెరికా పద్ధతి. అక్కడ ప్రెసిడెంట్ మంత్రుల్ని ఎంచుకుంటే సెనేట్ పిలిచి నిలదీస్తుంది. ఆస్ట్రేలియాలో ఆ గోలే లేదు. ఈ సంఘానికి నియమాలు రాసిన మహానుభావుడెవరో అమెరికా వార్తలు తెగ చూసేవాడట. దాంతో వీళ్ళకీ తగులుకుంది.

అయినా మిగతావాళ్ళని ఎవరూ పెద్దగా నిలదీసింది లేదు. ట్రెజరర్‌ని "పార్టీ ఎప్పుడు?" అని అడిగి, చేతులెత్తి ఖాయం చేసేశారు.

ఎబెన్‌ది నరసాపురం. ఎవరితోనూ పెద్దగా కలవడు. అలాంటివాణ్ణి లిఖిత వెల్ఫేర్ సెక్రటరీగా ఎందుకు ఎంచుకుందో ఎవరికీ అంతుపట్టలేదు. సంఘం ఫోన్ ఆ సెక్రటరీ దగ్గరే ఉంటుంది. కొత్తగా విమానం దిగినవాళ్ళు, గది దొరకనివాళ్ళు, దిగులు పట్టుకున్నవాళ్ళు ఆ నంబరుకే చేస్తారు.

శివప్రసాద్‌కి అనుమానం పుట్టుకతో వచ్చింది. కూరలో ఉప్పెక్కువైతే కావాలని ఎవరు వేశారో ఆరా తీసే రకం.

"జూలైలో నేను హెలెన్స్‌బర్గ్ వెంకన్న గుడికెళ్తే నువ్వక్కడ కనబడ్డావు. లోపలికి రాలేదు. చెప్పులు విడిచేచోట కూర్చుని గుమ్మం వైపే చూస్తున్నావు. అవునా, కాదా?"

"అవునన్నా."

"ఎందుకొచ్చావని అడిగితే ఊరికే అన్నావు."

"అన్నాను."

"ఆ తర్వాత కూడా ప్రతి శనివారం కనబడుతున్నావని మావాళ్ళు చెప్పారు. మన ఎన్నికల్లో ఓడిపోయిన ప్యానెల్ వాళ్ళంతా శనివారాలు అక్కడే వడ్డన చేస్తారు. వాళ్ళతో నీకేంటి లింకు?"

"వాళ్ళెవరో నాకు తెలీదన్నా."

"మరి దేనికెళ్ళావో చెప్పు, అయిపోతుంది."

ఎబెన్ తల దించుకున్నాడు.

"అది చెప్పలేనన్నా."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. "కరపత్రాలు పంచడానికేమోలే" అన్నాడు వెనకనించి ఒకడు. కొందరు నవ్వారు.

"చెప్పలేనివాడివి ఈ పదవెందుకు?" అన్నాడు శివప్రసాద్.

"నేనీ ఊళ్ళో దిగినప్పుడు నాకెవరూ లేరన్నా. ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలీక ఉత్త బ్రెడ్ తిని పడుకునేవాణ్ణి. ఇంకొకళ్ళకి అలా కాకూడదని నా ఆశ. ఈ ఒక్క పని నాకివ్వండి."

ముందు వరసలో ఒకరిద్దరి మొహాలు మెత్తబడ్డాయి.

శివప్రసాద్ అది కనిపెట్టాడు. వెంటనే లిఖిత వైపు తిరిగాడు.

"ప్రెసిడెంట్ గారూ, ఈయన్ని ఎంచుకున్నది మీరు. ఎందుకో మీరైనా చెప్పండి. పేరు ఉంచుతారా, వెనక్కి తీసుకుంటారా?"

లిఖితకి నీళ్ళ సీసా మూత బిగించడానికి చాలాసేపు పట్టింది. ఎబెన్ ఆమె వైపు చూడనే లేదు.

"సభ్యుల ఇష్టం" అంది.

నాలుగైదు చేతులే లేచాయి. అవీ మొహమాటానికి లేచినవే.

"పర్లేదండి" అన్నాడు ఎబెన్. తను కూర్చున్న కుర్చీ మడిచి గోడకి ఆనించి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత సంఘంలో ఎవరికీ కనబడలేదు. పెర్త్‌లో ఇంకో యూనివర్సిటీకి మారిపోయాడని విన్నారు.

పీడ వదిలిందనుకున్నాడు శివప్రసాద్.

ఆ పదవీ, సంఘం ఫోనూ ద్వారకానాథ్‌కి ఇచ్చారు. అందరికీ తెలిసినవాడు, ఏ అనుమానమూ లేనివాడు. కాకపోతే ఫోన్ ఎత్తడు. ఫిబ్రవరిలో కొత్తగా దిగిన ఇద్దరమ్మాయిలు పెట్టెలు పక్కన పెట్టుకుని పొద్దంతా ఎయిర్‌పోర్టులోనే కూర్చున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి నెల తిరక్కుండానే ఇంటికి వెళ్ళిపోయింది.

జూన్ వచ్చింది, అక్కడ మళ్ళీ చలికాలం. ఒక శనివారం లిఖిత గుడికెళ్ళాలంటే శివప్రసాద్ కారు తీశాడు.

"ఎబెన్ ఉండి ఉంటే ఆ కొత్తపిల్ల ఇంటికి వెళ్ళిపోయేది కాదేమో" అంది లిఖిత దారిలో.

"ఏం దాస్తున్నాడో తెలీనివాణ్ణి ఎలా నమ్ముతాం?"

లిఖిత అద్దంలోంచి చెట్లు చూస్తూ కూర్చుంది.

గుళ్ళో దర్శనం అయ్యాక శివప్రసాద్ బయటికొచ్చేశాడు. లిఖిత లోపలే ఉండిపోయింది. క్యాంటీన్‌లో శ్యామసుందరి ఆంటీ పులిహోర పెడుతోంది. ఏ శనివారమూ మానకుండా వచ్చే మనిషి.

శివప్రసాద్‌కి మనసాగలేదు. ఇవాళ ఆ సంగతేదో తేలిపోవాల్సిందే.

"ఆంటీ, పోయినేడు ఎబెన్ అని ఒకబ్బాయి ఇక్కడికొచ్చేవాడు. మీకు తెలుసా?"

"తెలీకేం బాబూ. గాలనకా వాననకా ఆ చెప్పుల దగ్గరే కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే నవ్వేవాడు."

"ఎవరితో మాట్లాడేవాడు?"

"ఎవరితో మాట్లాడతాడు? ఆ పిల్ల ఎప్పుడు బయటికొస్తుందా అని చూస్తూ ఉండేవాడు."

"ఏ పిల్ల?"

ఆంటీ వింతగా చూసింది. గరిటె ఎత్తి గుడి గుమ్మం వైపు చూపించింది. లిఖిత కళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తోంది.

"నీతో వచ్చిందిగా, ఆ పిల్లే. అప్పుడు మనసు చెదిరి, మందులు మింగుతూ, ఇక్కడికొస్తే మనిషన్నవాడితో మాట్లాడేది కాదు. ఒంటరిగా వదలకూడదని వారం వారం అతనే కారులో తీసుకొచ్చేవాడు. తను లోపల ఏడ్చుకున్నంతసేపూ బయట కాచుక్కూర్చునేవాడు."

శివప్రసాద్ చేతిలో ప్లేటు అలాగే ఉండిపోయింది.

ఆంటీ ఇంకో గరిటె పులిహోర వేస్తూ అంది. "పెర్త్ వెళ్ళినా మర్చిపోలేదు బాబూ, ఇప్పటికీ ఫోన్ చేసి, 'ఆ అమ్మాయి వేళకి అన్నం తింటోందా ఆంటీ' అని అడుగుతూనే ఉంటాడు."